తవ్వులమ్మ ఇల్లు అమ్మిన కథ

అనగనగా ఒక అడవిలో జంతువులు కూడా ఇళ్లు కొనేవి, అమ్మేవి. నవ్వకండి! ఇళ్లు మనకేనా ఏమిటి? ఆ అడవిలో డబ్బులు లేవు కాబట్టి గింజలిచ్చి కొనుక్కునేవి.

ఆ అడవి అంచున తవ్వులమ్మ అనే పందికొక్కు ఉండేది. ఆమె మొగుడు కొరుకులయ్య. వాళ్లది ఒక్క గది బొరియ. ఇద్దరికీ సరిపోయేది. ఇప్పుడు తవ్వులమ్మకు నెలలు నిండుతున్నాయి. పందికొక్కులకు ఒకేసారి ఐదారుగురు పిల్లలు పుడతారు. ఒక్క గదిలో అంతమంది ఎక్కడ పడుకుంటారో మీరే చెప్పండి.

వాగు అవతల మిట్ట మీద ముసలి తాబేలు ఇల్లు ఒకటి ఉంది. మూడు గదులు. "తొలకరి పడేదాకా నీ కోసం ఆగుతానమ్మా. ఆ తర్వాత ఎవరు గింజలు తెస్తే వాళ్లకే" అంది తాబేలు. అంటే వానలు పడేలోగా తవ్వులమ్మ తన ఇల్లు అమ్మాలి. ఆ గింజలు తీసుకెళ్లి తాబేలుకివ్వాలి.

ఎదురుచూసి ఎదురుచూసి కళ్లు కాయలు కాశాయి. ఇల్లు కొనేవాళ్లు ఒక్కరూ రాలేదు.

ఒకరోజు అటుగా నెమలి వచ్చింది. దాని పేరు పురిరాజు. అడక్కపోయినా సలహా ఇవ్వడం దానికి మహా సరదా.

"ఇల్లు అమ్ముతున్నావట, ఏదీ ఇల్లు?" అంది నెమలి.

"నీ ముందే ఉంది కదన్నా" అంది తవ్వులమ్మ.

"నా ముందు గచ్చపొద ఉంది చెల్లీ. కొక్కేల్లాంటి ముళ్లు, ఎండుటాకులు, చెత్త. వాకిలి ఇలా ఉంటే ఎవరొస్తారు? ముందు వాకిలి దిద్దుకో!"

ఆ మాట తవ్వులమ్మ మనసుకు పట్టింది. నిండు నెలలతోనే పనిలోకి దిగింది. మొదటి రోజు వాకిలంతా ఊడ్చి చెత్త పారబోసింది. రెండో రోజు ఎర్రమట్టితో అలికి, తెల్లమట్టితో ముగ్గు పెట్టి, గుమ్మానికి తంగేడు పూల తోరణం కట్టింది. ఇంతవరకూ బాగానే ఉంది. మూడో రోజు గచ్చపొద మొదలు కొరకబోయింది.

కొరుకులయ్య కంగారుపడ్డాడు. "ఆ పొద జోలికి ఎందుకే? అది మనకేం అడ్డమొచ్చింది?"

"మనకి కాదయ్యా, కొనేవాళ్ల కంటికి అడ్డం. నువ్వు కాస్త పక్కకి జరుగు" అంది తవ్వులమ్మ. సాయంత్రానికల్లా పొద నేలకొరిగింది.

ఇక చూడండి! దారిన పోయేవాళ్లంతా ఆగి, "అబ్బ, ఎంత ముచ్చటగా ఉందీ ఇల్లు!" అనేవారే. తవ్వులమ్మ పొంగిపోయింది.

మర్నాడు నక్క కూడా ఆగింది.

"ఎన్నేళ్లుగానో ఈ దారిన తిరుగుతున్నాను. ఇక్కడ ఇల్లుందని ఇవాళే తెలిసింది. లోపల ఎంతమంది ఉంటారమ్మాయ్?" అంది నక్క తియ్యగా.

లోపలున్న తవ్వులమ్మ మురిపెంగా, "ఇప్పటికి ఇద్దరమే. త్వరలో ఏడెనిమిది మందిమి అవుతాం" అంది.

"ఇంకా మంచిది" అంటూ నక్క మూతి గుమ్మంలోకి దూర్చింది. ఆ పళ్లు చూడగానే తవ్వులమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి. మొగుడూ పెళ్లాలు వెనక దారి గుండా ఒకటే పరుగు! నక్క గుమ్మాన్ని గోళ్లతో గీరి గీరి విసిగిపోయింది. "మళ్లీ వస్తాలే, ఇల్లు తెలిసిందిగా" అని వాళ్లకు వినబడేలా అరిచి వెళ్లిపోయింది.

ఇన్నేళ్లూ ఆ పొదే తమను కాపాడిందని తవ్వులమ్మకు అప్పుడు తెలిసింది. నక్క పోయాక తిరిగొచ్చి, ముగ్గు పక్కన కూలబడి బావురుమంది. కొరుకులయ్య ఒక్క మాట కూడా దెప్పలేదు. ఆమె తోక మీది మట్టి దులిపి పక్కన కూర్చున్నాడు, అంతే.

మర్నాడు పొద్దున్నే చిట్టెలుక సన్నమ్మ నలుగురు పిల్లలతో వచ్చింది. ఇల్లంతా తిరిగి చూసింది. "నాకు నచ్చిందక్కా! గింజలు ఇవాళే తెచ్చిస్తాను" అంది.

తవ్వులమ్మ పైకి చూసింది. ఆకాశంలో మబ్బులు కమ్ముకొస్తున్నాయి. పొట్టలో పిల్లలు కదులుతున్నారు. నక్క కబురు విని వచ్చిన పురిరాజు ఆమె చెవిలో గుసగుసలాడింది. "నక్క సంగతి ఎత్తకు. అమ్మేసి వెళ్లిపో. తర్వాత ఏమైతే నీకెందుకు?"

ఆమెకూ ఆశ పుట్టింది. పుట్టలేదని నేను అబద్ధం చెప్పను. 'ఊఁ' అంటే చాలు, మూడు గదుల ఇల్లు తనదవుతుంది.

సన్నమ్మ పిల్లలు ముగ్గు మీద గెంతులేస్తున్నారు. చిన్నది వచ్చి తవ్వులమ్మ కాలికి చుట్టుకుంది. తవ్వులమ్మ దాని తల నిమిరి, సన్నమ్మ వైపు తిరిగింది.

"ఈ ఇల్లు తీసుకోకు సన్నమ్మా" అంది. "మొన్నటిదాకా ఇక్కడ ముళ్లపొద ఉండేది. అందం కోసం నేనే కొట్టేశాను. నిన్న నక్క వచ్చింది. మళ్లీ వస్తానని వెళ్లింది. పిల్లల తల్లివి, నీకిది వద్దు."

సన్నమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. "నీ కడుపు చల్లగా ఉండాలక్కా" అని చెప్పి వెళ్లిపోయింది.

"బంగారంలాంటి బేరం చెడగొట్టుకున్నావు!" అని పురిరాజు విసుక్కుంది.

రెండు రోజులు ఎవరూ రాలేదు. తాబేలు ఇల్లు ఇక దక్కదని తవ్వులమ్మ ఆశ వదిలేసుకుంది.

మూడో రోజు ఒక ఏదుపంది గలగలమని ముళ్లు చప్పుడు చేసుకుంటూ వచ్చింది.

"నా పేరు ఈటెలయ్య. నక్క వస్తుందని చెప్పి, వచ్చిన బేరం తిప్పి పంపింది నువ్వేనా? సన్నమ్మ అడవంతా చెబుతోంది" అన్నాడు.

"నేనేనయ్యా. నక్క మాట నిజమే" అంది తవ్వులమ్మ.

"నక్కకు నేను భయపడనులే. నా మీద మూతి పెట్టమను, తెలుస్తుంది. ఇంకా ఏం లోపాలున్నాయో చెప్పు."

"లోపల ఒక వేరు తలకు తగులుతుంది. వెనక దారి ఇరుకు, అందులో నువ్వు పట్టవు."

"తవ్వుకుంటాను. ఇంకా?"

"ఇంకేం లేవు. ఉంటే చెప్పేదాన్ని."

ఈటెలయ్య నవ్వాడు. "అది చాలు తల్లీ. ఇల్లు నాకిచ్చెయ్."

ఆ పూటే గింజలు తెచ్చి పోశాడు. తవ్వులమ్మ, కొరుకులయ్య ఆ గింజలు మోసుకుంటూ వాగు దాటారు. తాబేలు చేతిలో గింజలు పెట్టి, కొత్తింట్లో కాలు పెట్టారో లేదో, తొలి చినుకు పడింది. ఆ వానలోనే ఆరుగురు పిల్లలు పుట్టారు.

నక్క అన్నట్టుగానే మళ్లీ వచ్చింది. ఈసారి మూతి నిండా ముళ్లతో కుయ్యోమొర్రోమంటూ పారిపోయింది.

కొన్నాళ్లకు పురిరాజు మిట్ట మీదికి వచ్చింది. "చూశావా? వాకిలి దిద్దుకోమని నేను చెప్పబట్టే నీ ఇల్లు అమ్ముడైంది" అని గొప్పలు పోయింది.

తవ్వులమ్మ పిల్లలకు పాలిస్తూ నవ్వింది. "వాకిలి చూసి అందరూ ఆగారన్నా, నిజమే. నక్క కూడా ఆగింది. కొన్నవాడు మాత్రం నా మాట నమ్మి కొన్నాడు."

నీతి: అమ్మే ఇంటి వాకిలిని ఎంతైనా అందంగా దిద్దుకోవచ్చు, కానీ ఆ ఇంటి లోపాన్ని కొనేవాళ్లకు ముందే చెప్పాలి.