తాడు మళ్లీ పట్టుకునే చోటు

ఎవరైనా వచ్చి ప్రశ్న అడిగితే కూర్చోబెట్టి జవాబు చెప్పే అలవాటు సన్యాసయ్య గారికి లేదు. అడిగినవాడి ముఖం ఒకసారి తేరిపార చూసి, తువ్వాలు భుజాన వేసుకుని, "పద, అలా వెళ్లొద్దాం" అంటూ లేచేవారు. పేరుకు సన్యాసయ్యే గాని, ఆయన ఇల్లూ వాకిలీ, భార్యా పిల్లలూ, మనవలూ ఉన్న మనిషి. ఇప్పలరేవు దగ్గర సరుగుడు తోట పక్కన తాటాకు పాక వేసుకుని, వచ్చినవాళ్లతో నాలుగు మంచి మాటలు మాట్లాడుతూ ఉండేవారు. వేదాంతం నేర్చుకుందామని వెళ్తే తమ చేత కొబ్బరి మొక్కలకు నీళ్లు పోయించారని గొణుక్కున్న శిష్యులు చాలామందే ఉన్నారు. గొణుక్కుంటూనే మళ్లీ వచ్చేవారు.

ఆ ఉదయం తవిటినాయుడు వచ్చింది మాత్రం వేదాంతం కోసం కాదు. ఆ సాయంత్రం అయిదింటికి పంచాయతీ ప్రెసిడెంటు పదవికి నామినేషన్ల గడువు ముగిసిపోతుంది. తాను వెయ్యాలా వద్దా అన్నది అతనికి అప్పటికింకా తేలలేదు.

తవిటినాయుడు ఒకప్పుడు అయిదేళ్లు ఆ పంచాయతీకి ప్రెసిడెంటుగా ఉన్నాడు. చెడ్డ ప్రెసిడెంటని గిట్టనివాళ్లు కూడా అనరు. రోడ్లు వేయించాడు, దీపాలు పెట్టించాడు, ఇంటింటికీ కుళాయి తెప్పించాడు. కాకపోతే అన్నీ తానే చేశాడు. మంచినీళ్ల ట్యాంకు మోటారు గది తాళంచెవి ఆ అయిదేళ్లూ అతని మొలతాడుకే వేలాడింది. అతను పొరుగూరు పెళ్లికి వెళ్లిన రోజున ఊళ్లో నీళ్లుండేవి కావు. తర్వాతి ఎన్నికల్లో జనం అతన్ని ఓడించారు. ఎందుకు ఓడించారో అతనికి చాలాకాలం అర్థం కాలేదు గాని, ఓడించినవాళ్లు విశ్వాసం లేనివాళ్లని మాత్రం ఆ పూటే అర్థమైపోయింది.

ఓడాక పార్టీ కండువా మడిచి పెట్టెలో పెట్టేశాడు. అరుగు దిగకుండా కొన్నాళ్లు ఇంటిపట్టునే ఉన్నాడు. అప్పుడే ఉప్పుటేరు ఒడ్డున ఒక రొయ్యల ఫ్యాక్టరీ వెలిసింది. కడిగిన మురికంతా సముద్రంలోకి వదలడానికి రేవు మీదుగా గొట్టం వేస్తామన్నారు. గొట్టం పడితే రేవులో చేప మిగలదు. తవిటినాయుడు లేచాడు. టెంటు వేశాడు, రిలే దీక్షలు పెట్టించాడు, కలెక్టరాఫీసు ముందు బైఠాయించి లాఠీదెబ్బ తిన్నాడు, చివరికి కోర్టుకెక్కి పని ఆపించాడు. ఒకప్పుడు "ప్రెసిడెంటు గారూ" అన్న నోళ్లే "నాయుడన్నా" అనడం మొదలుపెట్టాయి. ఆ పిలుపు వింటే అతనికి కడుపు నిండినట్టుండేది. ఆ నిండు కడుపుతోనే ఒకరోజు టెంటు కింద మైకు అందుకుని, ఈ జన్మలో మళ్లీ ఏ ఎన్నికలోనూ నిలబడనని ఒట్టు వేశాడు. అడిగినవాళ్లు ఎవరూ లేరు. చప్పట్లు మాత్రం బాగా మోగాయి.

చిక్కంతా ఇప్పుడొచ్చింది. పంచాయతీ ఒప్పుకుంటూ తీర్మానం చేస్తే తప్ప గొట్టం వెయ్యడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. ఫ్యాక్టరీకి మట్టి తోలే కాంట్రాక్టరు ఒకడు అప్పటికే నామినేషన్ వేసి కూర్చున్నాడు. ఎదురు నిలబడేవాడు లేకపోతే ఏకగ్రీవంగా వాడే ప్రెసిడెంటు. గెలిచిన మర్నాడే తీర్మానం చేసి ఫ్యాక్టరీవాళ్ల చేతిలో పెడతాడని ఊరందరికీ తెలుసు. వాణ్ణి ఓడించగలిగేది తవిటినాయుడేనని కూడా తెలుసు. అతను ఊఁ అనకముందే కుర్రకారు డప్పులవాళ్లతో మాట్లాడేసింది. అతని భార్య రమణమ్మ పెట్టె అడుగున ఉన్న తెల్ల గ్లాస్కో పంచె తీసి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి మంచం మీద ఉంచింది. ఆ పంచెను చూడగానే అతను పెరటి దారిన బయటపడి నేరుగా గురువు గారి పాకకు వచ్చేశాడు.

"నిలబడితే మాట తప్పినోణ్ణవుతాను గురువు గారూ. టెంటు కింద కూకున్నదంతా కుర్చీ కోసమేనంటారు. నిలబడకపోతే గొట్టం వచ్చేస్తాది. ఏం చెయ్యమంటారు?"

సన్యాసయ్య గారు అతని ముఖం చూశారు. తువ్వాలు భుజాన వేసుకున్నారు. "పద, అలా వెళ్లొద్దాం. రేవులో పెద్దవల లాగుతున్నారట."

"అయిదింటికండీ గడువు."

"ఆలోపు వల వచ్చేస్తుందిలే."

తవిటినాయుడికి ఒళ్లు మండింది. ఊరి మంచీ చెడూ అడుగుతుంటే ఈయనకు చేపల మీద ధ్యాసేమిటనుకున్నాడు. అయినా వెంట నడిచాడు.

పెద్దవల లాగడం చూడనివాళ్లకు ఇక్కడ కొంచెం చెప్పాలి. వలను పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో పెద్ద చుట్టుగా వదులుతారు. దాని రెండు చివర్లకూ కట్టిన తాళ్లు ఒడ్డున రెండు గుంపుల చేతుల్లో ఉంటాయి. అందరూ సముద్రంకేసి ముఖం పెట్టి, వెనక్కి వాలి, అడుగు అడుగూ వెనక్కి వేస్తూ లాగుతారు. అలా లాగుతూ ఒడ్డు పైన తాడు చుట్ట చుట్టే మనిషి దాకా చేరినవాడు తాడు వదిలేస్తాడు. వదిలి, ఇసుకలో కిందికి నడిచి, నీళ్ల అంచున మళ్లీ పట్టుకుంటాడు. వల ఒడ్డుకు చేరేదాకా ఈ తిరుగుడు ఆగదు. తాడు మీద చెయ్యి వేసినవాడు ఎవరైనా సరే, వాడికి చేపల్లో వాటా ఇవ్వడం రేవు ఆచారం. తవిటినాయుడిది అదే పంచాయతీలో ఎగువన వ్యవసాయం చేసుకునే ఊరు. ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు కొత్త పడవలకు కొబ్బరికాయలు కొట్టాడు గాని తాడు ఎన్నడూ పట్టలేదు.

వాళ్లిద్దర్నీ ముందు చూసింది ఎర్రమ్మ. రేవులో చేపలమ్మే మనిషి, దీక్షల టెంటులో అందరికంటే ఎక్కువ రోజులు కూర్చున్నది ఆమే. "రా నాయుడన్నా, ఓ సెయ్యెయ్యి" అని పిలిచింది. నాయుడన్న వచ్చాడని కుడివైపు గుంపులో నడిమధ్యన చోటిచ్చారు. సన్యాసయ్య గారు కూడా వెనకాల ఎక్కడో పట్టుకున్నారు. ఆయన తాడును లాగారో, తాడే ఆయన్ని నిలబెట్టిందో చెప్పడం కష్టం.

తవిటినాయుడికి పట్టుదల ఎక్కువ. పళ్లు బిగించి లాగాడు. అరచేతులు మండుతున్నా లెక్కచెయ్యలేదు. లాగి లాగి పైకి చేరాడు. అక్కడ చుట్ట చుడుతున్నది కోర్లయ్య అనే ముసలాయన.

"ఒగ్గీ నాయుడన్నా" అన్నాడు కోర్లయ్య.

తవిటినాయుడు వదల్లేదు. అందరికంటే గట్టిగా లాగుతున్నది తానే కదా, ఇప్పుడు వదిలేస్తే తాడంతా సముద్రంలోకి జారిపోదా అని అతని భయం.

"ఒగ్గీ బాబూ. నువ్వొగ్గితే గాని నాను సుట్టలేను."

ఇంకొక్క పట్టు పడదామని నాయుడు మళ్లీ లాగాడు. తాడు మెలికపడి కోర్లయ్య కాలికి చుట్టుకుంది. ముసలాయన ఇసుకలో చతికిలబడ్డాడు. కుడివైపు గుంపు మొత్తం ఆగిపోయింది. కోర్లయ్య కూర్చున్నచోటి నుంచే రెండు ముక్కలన్నాడు. అవి రేవు భాషలోని ముక్కలు, ఇక్కడ రాయడం బాగుండదు. అందరూ నవ్వారు, కోర్లయ్య కూడా నవ్వి, మెలిక విడదీసుకుని మళ్లీ చుట్టడం మొదలుపెట్టాడు.

నాయుడు తాడు వదిలి పక్కకు వచ్చాడు. అవమానంతో చెవులు వేడెక్కాయి. చెయ్యి ఎందుకో మొలతాడు దగ్గరికి వెళ్లింది. అక్కడ తాళంచెవి లేక ఏళ్లు గడిచాయి.

పొడి ఇసుక మీద నిలబడి అరచేతులు రుద్దుకుంటూ చూస్తుంటే, కాసేపటికి అతనికొక సంగతి కనిపించింది. ఎడమవైపు గుంపు వెనకబడుతోంది. వల ఒక పక్కకు ఒరుగుతోంది. తాడు పట్టుకున్నవాళ్లకు అది తెలియడం లేదు. "ఎడమోళ్లూ, జోరుగా లాగండర్రా. వల వంకరపోతోంది" అని కేక వేశాడు. వాళ్లు విన్నారు. గట్టిగా లాగారు. వల సర్దుకుంది. నాయుడి ప్రాణం లేచొచ్చింది. ఈ చోటు బాగుంది అనుకున్నాడు. ఇక్కడ నుంచి అంతా కనిపిస్తుంది, చెబితే వింటారు, కాళ్లు తడవవు, మెలిక పడితే తప్పు తనది కాదు. టెంటు కింద మైకు పట్టుకున్నప్పుడు కూడా ప్రాణం సరిగ్గా ఇలాగే ఉండేదని అతనికి తట్టింది. అది తట్టగానే సంతోషం కాస్త తగ్గింది.

ఎర్రమ్మ పైన తాడు వదిలి కిందికి పోతూ అతని పక్కన ఒక్క క్షణం ఆగింది.

"నువ్వు సెప్పింది నిజమే నాయుడన్నా, ఎడమోళ్లు ఎనకబడ్డారు. ఇప్పుడు మనోళ్లు ఎనకబడతన్నారు. నీ సేతులు కాళీగానే ఉన్నాయి కదా."

జవాబు కోసం చూడకుండా కిందికి వెళ్లిపోయింది.

నాయుడు గుంపు దగ్గరికి వెళ్లాడు. ఇందాక తాను పట్టుకున్న చోటు ఎక్కడా అని చూశాడు. తాడు మీద ఆ చోటు ఎప్పుడో పైకెళ్లి కోర్లయ్య చుట్టలో కలిసిపోయింది. నడుమ ఎక్కడా సందు లేదు. ఉన్నదల్లా కింద, నీళ్లలోనే. పంచె ఎగగట్టి నీళ్లలోకి దిగాడు. ఎగగట్టినా లాభం లేకపోయింది, అల వచ్చి నడుం దాకా తడిపి పోయింది. ఇసుకా నాచూ పట్టిన తడి తాడును ఎర్రమ్మ ముందు నిలబడి పట్టుకున్నాడు. అతనికీ సముద్రానికీ మధ్య ఇంకెవరూ లేరు. అతను మళ్లీ వచ్చాడని ఎవరూ కేకెయ్యలేదు, ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. తాడు కొంచెం తేలికైనట్టు మాత్రం వెనకవాళ్లకు తెలిసింది.

ఈసారి పైకి చేరినప్పుడు, కోర్లయ్య నోరు తెరవకముందే చేతులు తీసేశాడు. తాడు జారి సముద్రంలోకేమీ పోలేదు. మెత్తగా చుట్టలోకి వెళ్లి కూర్చుంది. నాయుడు దాన్ని చూస్తూ ఒక క్షణం నిలబడ్డాడు. తర్వాత తిరిగి నీళ్లలోకి నడిచాడు. అలా ఎన్నిసార్లు తిరిగాడో లెక్కపెట్టుకోలేదు.

పొద్దు నడినెత్తి దాటాక వల ఒడ్డుకొచ్చింది. వల నిండా కవళ్ల చేపలూ కానాగడత చేపలూ తళతళలాడాయి. గొప్ప వేటేమీ కాదు గాని, ఇంటింటికీ పూటకు సరిపోతుంది. కోర్లయ్య అందరికీ పంచినట్టే నాయుడికీ ఒక దోసెడు పంచాడు, చిటికెడు ఎక్కువా తక్కువా లేకుండా. నాయుడు తలగుడ్డ విప్పి మూట కట్టుకున్నాడు. గురువు గారి వాటా ఎర్రమ్మ గంపలోకే పోయింది.

ఇద్దరూ తిరుగుదారి పట్టారు. సరుగుడు తోట దగ్గర నాయుడు అన్నాడు.

"మాట తప్పానంటారండీ."

"అంటారు" అన్నారు సన్యాసయ్య గారు. "ఇందాక కోర్లయ్య అన్నాడు. ఆ మాట పడ్డావు కదా."

నాయుడికి నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు. నాలుగడుగులు వేశాక మళ్లీ అన్నాడు. "రెండోసారి పట్టుకుంటే ఎవరూ ఏమీ అనలేదండి."

"ఎక్కడ పట్టుకున్నావు?"

 నాయుడు ఒంటికి అంటుకుపోయిన పంచెకేసి, దాని నిండా ఉన్న ఇసుకకేసి చూసుకున్నాడు. తర్వాత తలెత్తాడు. 

"గడువుకింకా వేళుందండి. ప్రతిపాదన సంతకం ఎర్రమ్మ చేత పెట్టిస్తాను. మోటారు గది తాళంచెవి ఈసారి నా దగ్గరుండదని ఆమెకు ముందే చెప్పేస్తాను. ఇంటికెళ్లి ఈ బట్టలు మార్చుకుని, డప్పులవాళ్లను పిలిపించుకుని బయల్దేరతాను."

సన్యాసయ్య గారు అతని చేతిలోంచి చేపల మూట అందుకున్నారు.

"ఇది రమణమ్మకు నేను పంపిస్తాలే. డప్పులెందుకు? పంచె కూడా మార్చుకోకు. తడి ఆరకముందే వెళ్లు."