కర్రెన్న నిద్రకు నక్క చెప్పిన మందు

వేరుశనగ పెరికాక, ఎరువు కోసం రైతులు చేలల్లో గొర్రెల మంద కట్టించుకుంటారు. ఆ ఏడు కాపరి ఓబులేసు మంద పెద్ద రోడ్డు పక్క చేలో దిగింది. దానికి కావలి కర్రెన్న అనే నల్ల కుక్క. రాత్రంతా కాపలా, పగలంతా నిద్ర. పుట్టిన దగ్గర్నుంచీ వాడి బతుకు అదే.

రోడ్డు పక్కకు వచ్చాక వాడి పగటి నిద్ర పోయింది. కన్ను మూస్తే గుండె దడదడ. పొద్దు గూకేసరికి ఒళ్లు తూలేది. అలా కాపలాలో కునుకు పట్టి రెండు గొర్రెపిల్లలు పోయాయి.

"ఇంకొక్కటి పోయిందా, వీణ్ణి ఇక్కడే వదిలేసి వేరే కుక్కను తెచ్చుకుంటా" అన్నాడు ఓబులేసు.

మంద లేని కావలికుక్కకు ఏ ఊళ్లోనూ కూడు పుట్టదు. కర్రెన్నకు ఆ సంగతి తెలుసు.

సలహాలకేం కరువు? చెప్పేవాడికి వినేవాడు లోకువ. పస్తుండమని ఒక కాకి చెప్పింది, మెడదాకా తినమని దాని చెల్లెలు చెప్పింది. కర్రెన్న రెండూ చేసి చూశాడు. కడుపు చెడింది గానీ కన్ను మూతపడలేదు.

ఓ మధ్యాహ్నం తుప్పల్లోంచి నక్క తల బయట పెట్టింది.

"ఏం అల్లుడా, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి?"

"నిద్ర లేదు మామా."

"ముందే చెప్పొద్దూ! అది మా తాతల నాటి విద్య. పడక ఎక్కడ?"

"కంచె తలుపు దగ్గర."

"తల ఎటు?"

"ఉత్తరానికి."

"శివశివా! ఉత్తరం తలపెట్టి ఎవడన్నా పడుకుంటాడ్రా? సరే, రాత్రి గొర్రెపిల్లల్ని మూసిపెట్టే గంప ఎటుంది?"

"తూర్పు మూల."

"అయితే నువ్వు పడమటి మూలకు మారు. తల దక్షిణానికి పెట్టు. చెవుల్లో పత్తి కుక్కుకో. పగలు పట్టని నిద్రను రాత్రి పట్టించాలి. వచ్చే అమావాస్య నాడు మొదలుపెట్టావంటే ఇక తిరుగులేదు."

నక్కతోక తొక్కానని కర్రెన్న సంబరపడ్డాడు. పక్క చేలో పత్తి కరుచుకుని వస్తుంటే, మంద సామాను మోసే ముసలి గాడిద బూదెమ్మ ఎదురైంది.

"ఏందిరా ఆ పత్తి?"

"నిద్రకు మందు పెద్దమ్మా. నక్కమామ చెప్పాడు."

"చెప్పే ముందు ఏమడిగాడు?"

"పడక ఎక్కడ, తల ఎటు, పిల్లల గంప ఎక్కడ..."

"ఓరి వెర్రోడా! వాడు నీ రోగం అడిగాడా, మంద ఆనవాళ్లు అడిగాడా?"

కర్రెన్న నోట్లోంచి పత్తి జారిపడింది.

"ఇక్కడికొచ్చాక కొత్తగా ఏం తింటున్నావు?" అంది బూదెమ్మ.

"అదే సంగటి."

"తాగేది?"

కర్రెన్న నసిగాడు. "పొద్దున రోడ్డు మీది టీ కొట్టాయన గిన్నె అడుగున మిగిలిన టీ మూకుట్లో పోస్తాడు. తియ్యగా ఉంటుంది. మధ్యాహ్నం ఇంకో మూకుడు."

"లారీవాళ్లు అక్కడ ఎందుకు ఆగుతారనుకున్నావురా? నిద్ర ఆపుకోడానికి! నువ్వేమో అది తాగొచ్చి నిద్ర రావట్లేదని ఏడుస్తున్నావు. ఐదు రోజులు మానెయ్. అప్పటికీ పట్టకపోతే పశువుల డాక్టరు ఉన్నాడు. నాకు తెలిసింది ఇంతే, నేను వైద్యురాల్ని కాను."

టీ మానేసరికి రెండు రోజులు కర్రెన్నకు నొప్పితో తల పగిలిపోయింది. టీ కొట్టాయన పిలిచినా అటు చూడలేదు. మూడోనాడు తుమ్మచెట్టు కింద ఒళ్లెరగకుండా నిద్రపోయాడు. ఈగలు ముక్కు మీద తిరునాళ్లు చేసినా కదల్లేదు.

అమావాస్య వచ్చింది. కర్రెన్న పడమటి మూల, దక్షిణం తలపెట్టి, బుద్ధిగా పడుకున్నాడు; చెవుల్లో మాత్రం పత్తి లేదు. నక్క తూర్పు కంచె దూరి గంప మీద కాలు వేసింది. మరుక్షణం దాని తొడ కర్రెన్న పళ్ల మధ్య ఉంది.

"అయ్యో అల్లుడా, మందు మానేశావా?"

కర్రెన్న పళ్లు బిగించే గుర్రుమన్నాడు. "మందు కాదు మామా, వైద్యుణ్ణి మార్చాను!"

నక్క పెనుగులాడి, తొడ కండ వదులుకుని, కుంటుకుంటూ చేలు దాటింది. తెల్లారి ఓబులేసు పిల్లల్ని లెక్క చూసుకున్నాడు. ఒక్కటీ తగ్గలేదు. వేరే కుక్క మాట మళ్లీ ఎత్తలేదు.

నీతి: నిద్రకు సలహా ఎవరైనా ఇస్తారు, నువ్వు నిద్రపోతే ఎవడికి లాభమో చూసుకుని విను.