చివరి వీధి కుళాయి

అనగనగా కొండకింద ఒక ఊళ్ళో గవరమ్మ అని ఒక సర్పంచి ఉండేదమ్మా. మంచి మనిషి. ఊరి పక్కన పారే వాగంటే ఆవిడకి ప్రాణం. కానీ ఊరి చెత్తంతా ఆ వాగులోకే పోయేది. నీళ్ళు నల్లబడ్డాయి, చేపలు చచ్చి తేలాయి.

అప్పుడు గవరమ్మ ఏం చేసిందీ? ఏ వీధి శుభ్రంగా ఉంటే ఆ వీధి ఆడవాళ్ళకి చీరలు పెడతానని దండోరా వేయించింది. వీధులన్నీ అద్దంలా అయ్యాయి. మరి చెత్త ఎక్కడికి పోతుంది? అందరూ ఊడ్చి ఊడ్చి వాగులోకే నెట్టారు.

ఆ తర్వాత ఆవిడకి కోపం వచ్చింది. వాగులో చెత్త వేస్తే వాళ్ళ కుళాయి కట్టేయిస్తానంది. పెరళ్ళున్నవాళ్ళు పెరట్లో పూడ్చుకున్నారు. చివరి వీధిలో అప్పలకొండ ఉండేది. ఒంటిగది ఇల్లు, చంకలో పైడితల్లి అనే చంటిపిల్ల. ఆవిడకి పెరడెక్కడిది? చెత్తబుట్టతో వాగు దగ్గర దొరికిపోయింది.

"మరెక్కడ పొయ్యమంటావు తల్లీ?" అని అడిగింది అప్పలకొండ.

"అందరికీ ఒకటే మాట," అంది గవరమ్మ. కుళాయి కట్టేయించింది.

మండువేసవి. తమ కుళాయి కూడా పోతుందన్న భయంతో ఇరుగుపొరుగు ఎవరూ అప్పలకొండని బిందె పట్టుకోనివ్వలేదు. ఆ వాగు నీళ్ళే వడగట్టి పిల్లకి తాగించింది. పిల్లకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే, తల్లి భుజం మీదే పోయింది.

అప్పుడు గవరమ్మ పరుగున వచ్చి కుళాయి విప్పించింది. గుమ్మంలో కూర్చున్న అప్పలకొండతో ఏమని మాట్లాడుతుంది? ఆవిడ అడిగిన దానికి ఇంకా జవాబు చెప్పనేలేదు కదా.

మూడోసారి గవరమ్మ దండోరా వేయించలేదమ్మా. ఊరి చెత్త వేసుకోవడానికి తన తోటలో ఒక ముక్క ఇచ్చేసింది. ఆ తర్వాత చీర చెంగు దోపుకుని, వాగులో దిగి తనే చెత్త తోడింది. జనం గట్టు మీద నిలబడి చూశారు. ముందుగా దిగిందెవరో తెలుసా? అప్పలకొండ. వచ్చి గంప రెండోవైపు పట్టుకుంది. ఇద్దరూ కలిసి గంప గట్టెక్కించారు. అప్పుడు మిగతావాళ్ళు ఒక్కొక్కళ్ళే దిగారు.

వానలొచ్చేసరికి వాగు తేటబడింది. ఊరంతా బిందెలతో వచ్చింది.

పైడితల్లా? రాలేదమ్మా. ఎలా వస్తుంది? అప్పలకొండ రోజూ ఆ గట్టు మీదుగానే పనికి వెళ్ళేది. ఎంత దాహమేసినా ఆ నీళ్ళు మాత్రం ముట్టేది కాదు.

కథేమో కంచి దారి పట్టింది,
మా తల్లి కంటికి కునుకు పట్టింది.