హారం పక్కన పిల్ల

భీమిలిలో సముద్రం ఒడ్డున ఆశ్రమంలో ఉండే అచ్యుతబోధ స్వామి, ప్రశ్న అడిగినవారికి జవాబు చెప్పడానికి బదులు ఏదో ఒక పని చెప్పేవారు. ఒక ఆదివారం ఉదయం శేషగిరి అనే శిష్యుడు ఆయన దగ్గరికి వచ్చాడు. అతనికి విశాఖలో వజ్రాల నగల షోరూము ఉంది. తమ దగ్గర హారం ఎవరు కొన్నా అందులో కొంత సొమ్ము పేదపిల్లల గుండె ఆపరేషన్లకు వెళుతుందని ఆ ఏడాది అతను, ఆపరేషనుతో బాగుపడిన ఒక పిల్ల ఫొటో వేసిన హోర్డింగులు పెట్టించి ఊరంతా ప్రకటించాడు. ఇచ్చిన మాట తప్పలేదు. పిల్లలు బతికారు, అమ్మకాలూ పెరిగాయి. కానీ ఒక పెళ్ళిలో పాత స్నేహితుడు, దానం పేరు చెప్పి హారాలు అమ్ముకుంటున్నావని నలుగురిలో అతన్ని ఎగతాళి చేశాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉంది.

"మంచి జరిగినచోట నాకూ లాభం వస్తే తప్పా స్వామీ?" అని అడిగాడు.

స్వామి వాదించలేదు. ప్రకటనలో కనిపించే పిల్ల ఎవరని మాత్రం అడిగారు. మధురవాడలో ఇళ్ళలో పనిచేసే పైడితల్లి కూతురని శేషగిరి చెప్పాడు. అయితే తల్లినీ పిల్లనూ మధ్యాహ్నం ఆశ్రమానికి భోజనానికి తీసుకురమ్మన్నారు స్వామి. డ్రైవరును పంపకుండా తననే వెళ్ళమన్నారు.

శేషగిరి సంతోషంగానే వెళ్ళాడు. తల్లీబిడ్డల్ని కారులో ఎక్కించుకుని తిరిగి వస్తుంటే దారిలో అతని హోర్డింగు ఎదురైంది. అందులో పిల్ల గౌను మెడ కాస్త కిందికి లాగి, గుండె మీది కుట్ల గీత చూపిస్తూ నవ్వుతోంది. పక్కనే వజ్రాల హారం. వెనక సీట్లో పిల్ల కిందికి వంగిపోయింది. చెప్పు జారిందేమో అనుకున్నాడు. రెండో హోర్డింగు దగ్గరా వంగింది. అప్పుడు అతనికి అర్థమైంది. ఫొటో ఇష్టం లేకపోతే ఆ రోజే ఎందుకు చెప్పలేదని పైడితల్లిని అడిగాడు.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "పిల్లని ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్ళే ముందు అడిగారు బాబూ. అప్పుడు ఏటడిగినా సరే అనేద్దుం" అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు.

ఆశ్రమంలో అందరూ వరసగా భోజనాలకు కూర్చున్నారు. పిల్ల ఆకలిగా తింటోంది. ఎదుటి వరసలో ఒకావిడ ఆ పిల్లను గుర్తుపట్టి, ఫోను తీసి పైకెత్తింది. పిల్ల నోటిదాకా వచ్చిన ముద్దను ఆకులో పెట్టేసింది. ఎవరూ ఏమీ అనకముందే, ఎడమచేత్తో గౌను మెడ కిందికి లాగి, అచ్చం హోర్డింగులో లాగే నవ్వింది. పైడితల్లి తల వంచుకుంది.

శేషగిరి తినడం ఆపి అది చూశాడు. ఆ నవ్వు ఆ పిల్లకు నేర్పించింది తన మనుషులే. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కూర్చోలేక లేచి నిలబడ్డాడు. హోర్డింగులన్నీ ఈ రోజే తీయించేస్తానని, ఈ తల్లికీ బిడ్డకూ అందరి ఎదుటా చేతులు జోడించి క్షమాపణ చెప్పుకుంటున్నానని అన్నాడు. భోజనాలు ఆగిపోయాయి. చూపులన్నీ పిల్ల వైపు తిరిగాయి. పిల్ల చెయ్యి మళ్ళీ మెడ దగ్గరికి వెళ్ళింది.

స్వామి తల ఎత్తకుండా, మెల్లగా అన్నారు.

"ఇది కూడా పదిమందికీ వినపడాలా, శేషగిరీ? కూర్చో. పిల్లని అన్నం తిననీ."