రెండు పుల్లల వయసు

పరదేశమ్మగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పరు, పని చెబుతారు. ఫలానాది తెచ్చిపెట్టమంటారు, లేదా ఫలానా ఇంటికి వెళ్ళి అక్కడేం జరుగుతోందో చూసి రమ్మంటారు. వెళ్ళి వచ్చేసరికి అడిగినవాడికి తన ప్రశ్న తనకే ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. ఇదంతా తెలిసి కూడా నేనొకసారి ఆవిడ ముందు నిలబడి, "అమ్మగారూ, అరవై దాటిన మనిషి కొత్తగా ఎదగడమంటూ ఉంటుందా?" అని అడిగాను. అడిగాననడం కూడా అబద్ధమే. ఉండదని ఆవిడ నోట అనిపించడానికే వెళ్ళాను.

ముందు మా బడి సంగతి చెప్పాలి. బొబ్బిలి నుంచి పార్వతీపురం వెళ్ళే దారిలో, రోడ్డు పక్కనే మా పద్యాల బడి ఉంది. పరదేశమ్మగారు వయసులో ఉన్నప్పుడు నాటకాల్లో పద్యం పాడితే జనం మళ్ళీ మళ్ళీ పాడించుకునేవారట. స్టేజీ మానేశాక నలభై ఏళ్ళ క్రితం ఈ బడి పెట్టారు. రోజూ పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా పద్యం రాగయుక్తంగా చదవడం, అర్థం చెప్పడం నేర్పుతారు. హాలులో పన్నెండు పీటలుంటాయి. ఒక్కో పీట మీద ఒక్కో శిష్యుడు నాలుగేళ్ళు కూర్చుంటాడు, అతను లేచాకే ఇంకొకరికి చోటు. నా పేరు జోగినాయుడు. ఉద్యానశాఖలో ముప్పై ఒక్క సంవత్సరాలు మామిడి తోటల చుట్టూ తిరిగి రిటైరై, ఆ బడి కమిటీకి కార్యదర్శిని అయ్యాను. కార్యదర్శికి పీట ఉండదు, కుర్చీ ఉంటుంది. యాభై దాటినవాళ్ళకి పీట ఇవ్వకూడదని తీర్మానం రాసిన మహానుభావుణ్ణి నేనే. అప్పటికి నాకు అరవై రెండేళ్ళు, అమ్మగారికి డెబ్బై తొమ్మిది. ఆ సంగతి తీర్మానాల పుస్తకం మమ్మల్ని అడగలేదు, మేమూ దానికి చెప్పలేదు.

ఆ ఏడు వేసవిలో ఒక పీట ఖాళీ అయింది. అది తెలిసి గవరమ్మ వచ్చింది. రోడ్డుకి అవతల, మా బడికి సరిగ్గా ఎదురుగా ఉన్న టిఫిన్ పాక ఆవిడదే. అరవై ఆరేళ్ళ మనిషి. ముగ్గురు కొడుకులు, కోడళ్ళు, మనవలు కలిసి పద్నాలుగు మంది ఆ పాక మీదే బతుకుతున్నారు. ఉప్పు డబ్బా ఎక్కడుందన్నా ఆవిడనే అడుగుతారు, గొడవొస్తే ఆవిడ దగ్గరికే వస్తారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కొంగుకి తుడుచుకుని, పీట తనకిమ్మని అడిగింది.

ఎందుకంటే, ఆవిడ చెప్పిన కారణం వినండి. నలభై ఏళ్ళుగా అట్లు పోస్తూ మా బడిలో చదివే పద్యాలన్నీ వింటోంది. కానీ ఏ పద్యమైనా రెండు పాదాలయ్యేసరికి ఎవడో ఒకడు చట్నీ అని కేకేస్తాడు. చట్నీ వేసి వచ్చేసరికి పద్యం అయిపోతుంది. అలా ఆవిడకి నూటికి పైగా పద్యాలు సగం సగం వచ్చు. ఇప్పుడా మిగిలిన సగాలు కావాలి. నేను మర్యాదగానే చెప్పాను, ఈ వయసులో పీటెక్కి ఆ అవస్థంతా ఎందుకమ్మా, కావలిస్తే ఒక మూల కూర్చుని విని వెళ్ళు అన్నాను. దాంతో పాటు నా తెలివి ప్రదర్శించకుండా ఉండలేక, ఉన్న నాలుగు రోజులూ రామా కృష్ణా అనుకోవచ్చు కదా అని కూడా అన్నాను.

ఆవిడకి కోపం వచ్చింది, కానీ గొంతు పెంచలేదు. "నాకు చచ్చిపోయే తొందరేటీ లేదు బాబూ. చదువుకునే తొందరుంది" అంది. అని, అమ్మగారు కాదంటేనే వెళ్తానని బడి మెట్టు మీద కూర్చుంది. లేవమంటే లేవలేదు. అందుకే నేను విసవిసా లోపలికి వెళ్ళి ఆ ప్రశ్న అడిగాను.

అమ్మగారు చాటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నారు. నేను ప్రశ్నతో ఆగలేదు, నా చదువంతా దించాను. వంటింటి వెనక ఉన్న సువర్ణరేఖ మామిడి చెట్టుకి ఎనభై ఏళ్ళని, ఏటా దాని కొసలు చూస్తున్నానని, ఇప్పుడు ఏడాదికి రెండంగుళాలు కూడా పెరగడం లేదని చెప్పాను. అదే మన హాలు ముందున్న తొమ్మిదేళ్ళ చెట్టు చూడండి, అదీ సువర్ణరేఖే, ఒక్కో కొమ్మ ఏడాదికి మూరెడు సాగుతోంది అన్నాను. పెద్ద చెట్టు కొట్టేసి అక్కడ స్నానాల గది కట్టాలని కమిటీ అనుకుంటున్నట్టు కూడా గుర్తుచేశాను. ముదిరిన చెట్టు ఎదగదు, ఇది నా మాట కాదు చెట్టు మాట అని ముగించాను.

అమ్మగారు తలెత్తకుండానే, రెండు చెట్ల నుంచీ చెరో పుల్ల కోసుకురమ్మన్నారు. ఈ ఏడాది పెరిగిన మేరకే కొయ్యమన్నారు. నాకు సంబరమైపోయింది. రిటైరైనా నా జేబులో మొక్కలకి అంట్లు కట్టే అంటుకత్తి ఎప్పుడూ ఉంటుంది, అది లేకపోతే నాకు చొక్కా వేసుకున్నట్టే ఉండదు. వెళ్ళి రెండూ కోసి తెచ్చి ఆవిడ ముందు నేల మీద పక్కపక్కన పెట్టాను. ఒకటి నా చిటికెన వేలంత లేదు. రెండోది మోచేతి దాకా వచ్చింది. మెట్టు మీద నుంచి గవరమ్మ కూడా మెడ చాచి చూసింది, చూసి మొహం దించుకుంది.

ముందున్న చెట్టు టెంక పాతితే మొలిచిందేనా అని అమ్మగారు అడిగారు. టెంక మొక్క కాదు, అంటు మొక్క, నేనే కట్టానని గొప్పగా చెప్పాను. టెంక మొలిచాక దాని తల తీసేసి, పుల్లని దాని మీద ఎక్కించి కట్టు కట్టి, తొమ్మిదేళ్ళ క్రితం, ఇంకా ఉద్యోగంలో ఉండగానే, హాలు ప్రవేశం నాడు అందరి ముందూ నాటింది నేనే.

"ఆ పుల్ల ఎక్కడి నుంచి తెచ్చావు నాయుడూ?" అన్నారు ఆవిడ.

చెప్పబోయి ఆగిపోయాను. ఈ రుచి ఇంకే చెట్టుకీ రాదని, నిచ్చెన వేసుకుని, ఇదే కత్తితో, వంటింటి వెనకున్న ఆ ముసలి చెట్టు కొసకొమ్మే కోశాను. నా చేతికి గుర్తుంది, నా బుర్రకే గుర్తు లేదు. ముప్పై ఒక్క సంవత్సరాలు ముసలి తల్లిచెట్ల పుల్లలే కోసి కోసి లేత మొక్కలని పేరుపెట్టి రైతులకి పంచినవాణ్ణి, ఆ లేత మొక్క వయసెంతని ఒక్కనాడూ అనుకోలేదు.

"అయితే ఈ రెండింట్లో ముసలిదేది?" అన్నారు అమ్మగారు.

నేను ఓ పట్టాన ఒప్పుకునే రకం కాదు. కింద వేరు లేతది కాబట్టి పై పుల్లకి ఆ జోరు వచ్చిందన్నాను. ఆవిడ చాట పక్కన పెట్టి, కాపు తగ్గిన పాత తోటలకి నువ్వేం చెయ్యమని చెప్పేవాడివి అని అడిగారు. అదీ నా మెడకే చుట్టుకుంది. తలలు కొట్టెయ్యమని చెప్పేవాణ్ణి. మనిషెత్తున మొండెం ఉంచి కొట్టేస్తే అదే ముసలి వేరు మీద మూరెడేసి చిగుళ్ళు లేస్తాయి. ఎన్ని మీటింగుల్లో మైకు పట్టుకుని చెప్పానో లెక్కే లేదు.

మరి ఆ చెట్టు మీద ఉన్నప్పుడు ఈ పుల్ల ఎందుకు సాగలేదు అన్నారు. ఈసారి తెలిసిన సంగతే గనక చకచకా చెప్పాను. చెట్టు పెద్దదయ్యేకొద్దీ నీరు అంత ఎత్తుకి ఎక్కాలి. మానూ కొమ్మలూ వేర్లూ, ఆ ఒళ్ళంతా పోషించాలి. ఆకులు వండినదంతా ఉన్న ఒంటికే చాలదు, ఇక కొసకి మిగిలేదేముంటుంది అన్నాను. అన్నాక నా మాట నాకే వినబడింది.

"అంటే పాపం, దానికి వచ్చింది వయసు కాదన్నమాట" అని ఆవిడ మళ్ళీ చాట అందుకున్నారు. నేను, చెట్టు వేరు మనిషి వేరు అని గొణిగాను. ఓడిపోయినవాడు అనే మాటే అది. చెట్టుని తీసుకొచ్చింది నువ్వే కదా అని నవ్వి, ఆవిడ గవరమ్మని లోపలికి పిలిచారు. ఖాళీ పీట చూపించి కూర్చోమన్నారు. నేను తీర్మానం సంగతి ఎత్తితే, మూడు నెలలు చూడు, అప్పుడు కమిటీ అంతా వచ్చి వినండి, పనికిరాదంటే నువ్వే చెయ్యి పట్టి లేపేద్దువు గాని అన్నారు. నేను సరేనన్నాను. అంత జరిగాక కూడా, గవరమ్మ లేవాల్సి వస్తుందనే నా నమ్మకం.

గవరమ్మకి అమ్మగారు పెట్టిన షరతు ఒకటే. ఏడు నుంచి తొమ్మిది దాకా పాకతోగాని ఇంటితోగాని ఆవిడకి సంబంధం లేదు. పొద్దుటి బేరమంతా ఆ రెండు గంటల్లోనే. మొదటి వారంలోనే రెండో కొడుకు గేటు దగ్గరికి వచ్చి రుసరుసలాడాడు. పిండి పులిసిందో లేదో ఎవరికీ తెలియడం లేదు, జనం లేచి పోతున్నారు, అమ్మని ఒక్కసారి పంపండి అన్నాడు. నేనైతే పంపేసేవాణ్ణే. అమ్మగారు కర్ర పట్టుకుని గేటు దాకా నడిచి వెళ్ళారు. "మీ అమ్మ ఇక్కడ లేదు నాయనా. లోపల కూర్చున్నది నా శిష్యురాలు. దానికి అట్లు పొయ్యడం రాదు" అని గేటు గడియ పెట్టి వచ్చారు. లోపల గవరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

కానీ పద్యం సాగలేదు. గొంతు బాగుంది, జ్ఞాపకం ఇంకా బాగుంది. రెండో పాదం చివరికి వచ్చేసరికి మాత్రం ఠక్కున ఆగి, రోడ్డు వైపు తల తిప్పేది. ఎవరూ పిలవకపోయినా తిప్పేది. నలభై ఏళ్ళ అలవాటు మరి. పక్క పీటలవాళ్ళు ముసిముసిగా నవ్వేవారు. నేను కుర్చీలో కూర్చుని, ఎన్నిసార్లు ఆగిందో కాగితం మీద గీతలు గీసేవాణ్ణి. సిగ్గుపడాల్సిన పనే, అయినా దాచను. అమ్మగారు ఆవిణ్ణి కోప్పడేవారు కాదు, మొదటి నుంచి అందుకోమనేవారు. ఆవిడ మొండిగా మళ్ళీ మొదటి నుంచి అందుకునేది.

ఈలోగా కాపు అయిపోయింది. స్నానాల గది మాట పక్కన పెట్టించి, వంటింటి వెనక చెట్టుకి నేనే దగ్గరుండి తల కొట్టించాను. కోతలకి పేడ పూయించి, పాదు చేయించాను. అది బతకదని కమిటీ వాళ్ళు పందాలు కాశారు.

మూడు నెలలూ అయ్యాయి. కమిటీ నలుగురూ వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు, ఐదో కుర్చీలో నేను. గీతల కాగితం నా జేబులోనే ఉంది. గవరమ్మ పీట మీద నిటారుగా కూర్చుని అందుకుంది. మొదటి పాదం బాగా వచ్చింది. రెండో పాదం సాగుతుండగా రోడ్డుకి అవతల నుంచి ఎవడో, "చట్నీ..." అని పెద్ద కేక పెట్టాడు. నిజంగానే పెట్టాడు. హాలులో అందరి తలలూ అటు తిరిగాయి. నా తలా తిరిగింది. గవరమ్మ తల తిరగలేదు. ఒక్క క్షణం ఆగింది, దవడ బిగించింది, మూడో పాదం ఇంకో మెట్టు పైనుంచి ఎత్తుకుంది. నాలుగో పాదానికి వచ్చేసరికి మెడ నరాలు ఉబ్బాయి. పద్యం పూర్తి చేసి, రాగం తీసి, నింపాదిగా వదిలింది. నా కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు. చెయ్యి పట్టి లేపుతావా అని అమ్మగారు నన్ను అడగలేదు, అడిగి ఉంటే ఇంకా నయం. ఆ సాయంత్రమే తీర్మానాల పుస్తకంలో ఆ యాభై ఏళ్ళ తీర్మానాన్ని అడ్డంగా కొట్టేసి సంతకం పెట్టాను.

మర్నాడు వంటింటి వెనక్కి వెళ్ళాను. మొండెం చుట్టూ రాగిరంగు చిగుళ్ళు జానెడేసి లేచి ఉన్నాయి. అమ్మగారు కర్ర ఆనించుకుని వాటిని చూస్తున్నారు. అమ్మగారూ, నేను ఈ బడికి కార్యదర్శినై రెండేళ్ళయింది, రోజూ వింటూనే ఉన్నాను, ఒక్క పద్యం రాలేదు అన్నాను. కార్యదర్శి పని, ఉద్యానశాఖ సంఘం పని, రైతు సంఘం పని, ఎక్కడికెళ్ళినా దండ వేసి కుర్చీ వేస్తారు, ఇంటికొచ్చేసరికి ఏమీ మిగలడం లేదు, నా సంగతేమిటి అన్నాను. ఈసారి నిజంగానే అడిగాను.

ఆవిడ మొండెం మీద తల కొట్టిన చోట కర్రతో తట్టారు. అంటుకత్తి జేబులో ఉందా అని అడిగారు. ఉందన్నాను.

"మరి నన్నడుగుతావేం?" అని లోపలికి వెళ్ళిపోయారు.