పొద్దుమింగుడు తూకం

"తొమ్మిది వందల టన్నులా? ఏ కాటాలో తూచారమ్మా?" అని నాన్న కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగాడు. శుక్రవారం, పొద్దున్న ఎనిమిదింపావు. నా చేతిలో సగం ఇడ్లీ ఉంది. అప్పుడే ఉన్నదున్నట్టు చెప్పేసుంటే ఇవాళ ఈ గోల ఉండేది కాదు. నేనేం చెప్పానో చెప్తాను గానీ, ముందు మా ఇంటి సంగతి వినండి.

మా ఇంట్లో అందరం తెలివైనవాళ్ళం. ఈ మాట బయటివాళ్ళెవరూ అనలేదు. మేమే కనిపెట్టుకున్నాం.

మా నాన్న దాలినాయుడు బైపాస్ రోడ్డు మీద లారీల కాటా నడుపుతాడు. ఇరవయ్యారేళ్ళ నించి. లోడుతో వచ్చిన లారీని తూచి చీటీ ఇస్తాడు. ఆ అనుభవంతో ఆయనకో సూత్రం దొరికింది. ఒక వస్తువుకి బరువు రాసి ఉందంటే అది కాటా ఎక్కినట్టే. కాటా ఎక్కిందంటే అది ఉన్నట్టే. లేనిదాన్ని ఎవడు తూస్తాడు? చిన్నప్పుడు నేను దయ్యాలకి భయపడితే, "వాటి బరువు ఎక్కడైనా రాశారేటి? లేదు కదా. మరి పడుకో," అనేవాడు. అంతే, నేను పడుకునేదాన్ని.

మా చిన్నాన్న తవిటినాయుడు మాట మీద నిలబడే మనిషి. ఆఫీసు గోడ మీద 'ఇక్కడ ఏమీ రాయరాదు' అని రాసుంటే, రూలు వాళ్ళే తప్పారని ఆ రాతని సున్నంతో సహా గీకేసి వచ్చాడు. ఇంట్లో అందరం మెచ్చుకున్నాం.

మా అమ్మ పైడితల్లిది లెక్క. టీవీలో వాన పడే అవకాశం నలభై శాతం అన్నారని, డాబా మీద ఆరబోసిన చల్లమిరపకాయల్లో సరిగ్గా నలభై శాతానికి పట్టా కప్పింది. వాన కురిసింది. కప్పని అరవై శాతమూ తడిసింది. "చూశావా, నలభై శాతం మీద చుక్క పడలేదు," అంది.

ఇంక నేను, లిఖితని. ఈ ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి మిగతావాళ్ళకంటే కొంచెం ఎక్కువే తెలుసు.

మూడు నెలల కిందట నాకు ఉద్యోగం వచ్చింది. ఇంటి నించే పని. కంపెనీ హైదరాబాదులో ఉంది, కంప్యూటర్ ఆటలు తయారుచేస్తుంది. వాళ్ళ ఆటలో అంతరిక్షంలో తిరిగే ఓ పెద్ద ఆయుధం ఉంటుంది. పేరు పొద్దుమింగుడు. గురిపెట్టి మీట నొక్కితే సూర్యుణ్ణి గుటుక్కున మింగేస్తుంది. ఆట బాగా ఆడింది. ఇంకేముంది, అరటిచెట్టుకి పిలకలొచ్చినట్టు దానికి నవలలు పుట్టాయి, ఆ నవలలకి మళ్ళీ ఆటలు పుట్టాయి. మొత్తం నాలుగు ఆటలు, ఏడు నవలలు. రాసినవాళ్ళు ఏడుగురు. ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళు చదవలేదు. మొదటి ఆటలో పొద్దుమింగుడు చందమామంత. రెండో నవలకి వచ్చేసరికి ఓడరేవులో పట్టేంత చిన్నదైపోయింది. మూడో నవలలో ముక్కలుముక్కలైపోయింది. ఆ తర్వాతి ఆటలో ఏమీ జరగనట్టు వచ్చి ఇద్దరు సూర్యుళ్ళని మింగింది. చదివేవాళ్ళూ ఆడేవాళ్ళూ తిట్టుకోవడం మొదలెట్టారు.

నా పనేమిటంటే అన్నీ చదివి, ఆడి, ఆ ఆయుధానికి ఒక్కటే జాతకం తయారుచెయ్యడం. పొడవెంత, బరువెంత, ఎంత దూరం కొడుతుంది, ఎన్నిసార్లు విరిగింది. చివర్న 'బాధ్యులు' అని ఒక గడి. అందులో నా పేరు. సోమవారం పొద్దున్న పదింటికల్లా ఫైలు పంపితే ఉద్యోగం ఖాయం. పంపకపోతే ఆ రోజుతో సరి. నా చేత పని చేయించే మేడమ్ మేఘన ఈ మాట రెండుసార్లు చెప్పింది, రెండోసారి నవ్వకుండా.

శుక్రవారానికి ఫైలు దాదాపు అయిపోయింది. ఒకసారి ఎవరైనా చూస్తే బాగుండునని లాప్‌టాప్ నాన్న ముందు పెట్టాను. ఆయన మిగతా గడులన్నీ వదిలేసి బరువు దగ్గర ఆగాడు. ఏ కాటాలో తూచారని అడిగాడు. కథ నాన్నా, ఉత్తుత్తిది అని చెప్పడానికి నోట్లో ఇడ్లీ అడ్డం. పైగా ఆయనతో వాదన పెట్టుకుంటే మధ్యాహ్నం అవుతుంది.

"కంపెనీవాళ్ళే తూచుకున్నారు నాన్నా," అన్నాను.

"వాళ్ళ సొంత కాటాయేనా? ముద్ర వేయించారా?"

"వేయించే ఉంటారు."

అంతే. పొద్దుమింగుడు ఉన్నట్టు తేలిపోయింది.

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "అది మింగిన సూర్యుణ్ణి మళ్ళీ కక్కుతుందేటమ్మా?"

"కక్కదమ్మా."

"కొంచెం కూడా?"

"రాయలేదు."

ఇంకేముంది. పదింటికల్లా ఈ ఏటి మిరపకాయలతో పాటు వచ్చే ఏటివి కూడా కొనుక్కొచ్చి డాబా మీద పోసేసింది. ఎండ ఉండగానే ఎండబెట్టుకోవాలి కదా. పక్కింటి వరహాలమ్మగారు గోడ మీంచి చూసి, ఇన్నెందుకు అంది. అమ్మ దాపరికం లేని మనిషి. మా అమ్మాయి బాధ్యతలో సూర్యుణ్ణి మింగేది ఒకటుంది, మా అమ్మాయి జాగ్రత్తగల పిల్ల, అయినా మన జాగ్రత్తలో మనముండాలి అని చెప్పింది. మధ్యాహ్నానికి వీధిలో ప్రతి డాబా ఎర్రబడింది. ఘాటుకి వీధి వీధంతా తుమ్ములు.

శనివారం మైకు ఆటో వచ్చింది. ఎన్నికలు కదా. "ఆయుధాలు కలిగి ఉన్నవారు సాయంత్రం ఐదు గంటలలోగా పోలీసు స్టేషన్లో అప్పగించవలెను. లేనిచో చర్య తీసుకోబడును."

ఆ టైములో నేను ఇంట్లో లేను. కంపెనీ గుర్తింపు కార్డుకి ఫోటో దిగడానికి వెళ్ళాను. తర్వాత జరిగింది చిన్నాన్న పూసగుచ్చినట్టు చెప్పాడు, గర్వంగా.

"అన్నయ్యా, ఆయుధం అంటే మనింట్లో ఉన్నదే కదేటి?" అన్నాడట చిన్నాన్న.

"కత్తిపీట?"

"అది అమ్మాయి బాధ్యతలో లేదు."

నాన్న ఆలోచించాడట. పిల్ల మీద కేసు పడకూడదు, ఉద్యోగం ఖాయం కాబోయే పిల్ల. లాప్‌టాప్, ఏడు నవలలు, చార్జరు, అన్నీ గోనెసంచిలో వేశారు. స్టేషన్‌కి ఇచ్చేముందు తూకం వెయ్యకుండా ఇవ్వడం నాన్న వల్ల కాదు. కాటాకి తీసుకెళ్ళారు. ఆయుధాన్ని నేల మీద పెట్టకూడదని చిన్నాన్న సంచి నెత్తి మీద పెట్టుకుని లారీ ఎక్కే పలక మీద నిలబడ్డాడు. ఎనభై కిలోలు చూపించింది.

"ఇందులో నువ్వెంత?"

"పొద్దున్న డెబ్భై."

"టిఫిన్ ముందా, తర్వాతా?"

"టిఫిన్ చేస్తూ."

ఎనభైలోంచి డెబ్భై తీసేస్తే పది. ఫైల్లో తొమ్మిది వందల టన్నులుంది. నాన్న మొహం పాలిపోయిందట. ఇరవయ్యారేళ్ళలో ఒక కిలో తేడా రాని మనిషి. "ఎనిమిది వందల తొంభై తొమ్మిది టన్నుల తొమ్మిది వందల తొంభై కిలోలు తక్కువరా. ఎవడో మధ్యలో దించేశాడు," అన్నాడు. అంతే, ఇద్దరూ స్టేషన్‌కి వెళ్ళి పది కిలోల ఆయుధం అప్పగించి, మిగతాది పోయిందని ఫిర్యాదు కూడా రాసిచ్చారు.

నేను వచ్చేసరికి బల్ల మీద లాప్‌టాప్ లేదు. రసీదు ఉంది. 'పొద్దుమింగుడు, ఒకటి. నల్ల రంగు. మడతపడును. గుండ్లు లేవు.'

ఫైలుకి ఇంకో కాపీ ఎందుకు లేదని మీరు అడుగుతారు. దీన్ని ఎక్కడా కాపీ చెయ్యరాదని కంపెనీ కాగితంలో రాసుంది. నేను చెయ్యలేదు.

ఆదివారం పొద్దున్నే నాన్నని తీసుకుని స్టేషన్‌కి పరిగెత్తాను. ఎస్సైగారు ఎన్నికల బందోబస్తుకి వెళ్ళారు. రిజిస్టర్లు రాసే హెడ్ కానిస్టేబులు అప్పలస్వామిగారు ఒక్కరే ఉన్నారు. ఆయన వెనకాల బీరువాలో వరసగా తుపాకులు, వాటి పక్కన లక్క సీలు వేసిన మా గోనెసంచి.

"సార్, అది ఆయుధం కాదండి. కథండి. ఎవరో కల్పించింది," అన్నాను.

"కథకి బరువెందుకు రాశావమ్మా?"

నాన్న తలూపాడు. "అదే నేనూ అడిగాను సార్."

"సూర్యుడు అదిగో ఉన్నాడు కదండి. మింగలేదు కదా."

"నా తుపాకీ కూడా పద్దెనిమిదేళ్ళ నించి పేలలేదు. అది తుపాకీ కాదంటావా?" అని ఆయన పెన్ను మూత తీశారు. "చూడమ్మా. ఆయుధమే అని రాస్తే, ఓట్ల లెక్కింపయ్యాక వారానికి ఇస్తాను. కాదు, కథే అని రాస్తే, మీ నాన్నగారు పోలీసులకి అబద్ధం చెప్పినట్టు. ఆయన మీద కేసు రాయాలి. ఏది రాయమంటావు?"

నాన్న నాకేసి చూశాడు. పాపం, నా ఉద్యోగం కోసం జైలుకి వెళ్ళడానికి కూడా తయారుగా ఉన్నట్టు చొక్కా గుండీలు సర్దుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. రేపు పదింటికి ఫైలు, సార్, నా ఉద్యోగం పోతుంది, పది నిమిషాలు ఇవ్వండి చాలు అన్నాను.

అప్పలస్వామిగారు చెడ్డమనిషి కాదు. రిజిస్టరు ముందుకీ వెనక్కీ తిప్పారు. "ఒక దారుంది. మీ నాన్నగారు తక్కువ పడిందని ఫిర్యాదు ఇచ్చారు కదా. ఆ పోయిన బరువు దొరికితే, ఉన్నదాంతో కలపడానికి సీలు తియ్యాల్సిందే. తీసినప్పుడు పది నిమిషాలు నీ పని నువ్వు చూసుకో. నేను అటు తిరుగుతాను."

"దొరక్కపోతే?"

"బరువు బరువే కదమ్మా. ఏ రూపంలో దొరికినా రాసుకుంటాను."

నాన్న లేచి నిలబడ్డాడు. "తక్కువ తూకం అనే మాట మన కాటాకి రాకూడదు," అని బయటికెళ్ళి ఫోన్ తీశాడు. కంకర క్రషర్‌కి. ఎన్ని టన్నులు కావాలని వాళ్ళు అడిగితే కిలోలతో సహా చెప్పాడు.

సాయంత్రం నాలుగింటికి మొదటి లారీ వచ్చింది. కాటా ఎక్కి, చీటీ తీసుకుని, స్టేషన్ గేటు ముందు దించింది. రెండోది దాని మీద దించింది. చిన్నాన్న మెళ్ళో తువ్వాలు తిప్పుతూ, రానీ రానీ అని లారీలకి దారి చూపిస్తున్నాడు. రానీ అంటే ఎంతవరకు రావాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి, మూడోది గోడ దాటి లోపలికే వచ్చి వరండాలో దించింది. నాలుగోదానికి తలుపు మూసుకుపోయింది. అప్పలస్వామిగారు లోపలే ఉండిపోయారు.

"దాలినాయుడుగారూ, నేను బయటికెలా రావాలి?" అని కిటికీలోంచి అడిగారు.

"మీరు రాకండి సార్. మీరొచ్చేస్తే చీటీలు ఎవరు రాసుకుంటారు?"

అదీ నిజమేనని ఆయన కిటికీ చువ్వల మధ్య నించి చెయ్యి చాపి చీటీలు తీసుకుంటున్నారు. అమ్మ అదే కిటికీలోంచి ఆయనకి పెరుగన్నం, వేయించిన చల్లమిరపకాయలు అందించింది. ఆయన రెండోసారి కూడా అడిగి తిన్నారు.

నేను కంగారులో కూడా బుర్ర పోగొట్టుకోలేదు. లారీకి ఇరవై టన్నుల చొప్పున నలభై ఐదు లారీలు చెప్పాడు నాన్న. "సంచిలో పది కిలోలు ఉన్నాయి కదా నాన్నా, చివరి లారీలో పది కిలోలు తగ్గించి పొయ్యమను. లేకపోతే ఎక్కువ తూకం అవుతుంది," అని చెప్పాను. నాన్న కళ్ళు చెమ్మగిల్లాయి. "చదివించినందుకు సార్థకమైంది," అన్నాడు.

ఇప్పటికి పదకొండు లారీలు దిగాయి. నలభై ఐదోది రేపు పదకొండింటికి గానీ దిగదంటున్నారు. నా గడువు పది. ఎస్సైగారు పొద్దున్న ఎనిమిదింటికి వస్తారట, ఆయనకి ఇంకా ఏమీ తెలీదు.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? మేఘన మేడమ్‌కి ఫోన్ చేసి గంట గడువు అడగనా? లేక పదింటికి ఎన్ని టన్నులు దిగితే పొద్దుమింగుడు బరువు అంతేనని ఏడు నవలల్లోనూ, నాలుగు ఆటల్లోనూ మార్పించమననా? రెండోదే తేలిక అనిపిస్తోంది. కాకపోతే కంకర కొంచెం తడిగా ఉంది. ఆ నీళ్ళ బరువు ఆయుధంలో కలపాలా, తీసెయ్యాలా? తెలిసినవాళ్ళెవరైనా పదింటిలోగా చెప్పండి.