గరిటెడు నూనె

అనగా అనగా, కొండల మీద అడవి ఇంకా దట్టంగా ఉన్న రోజుల్లో, ఇప్పసీమ అని ఒక చిన్న దేశం ఉండేది. ఇప్పపువ్వు రాలే కాలంలో అక్కడి దారులన్నీ తియ్యటి వాసన వేసేవట. అలాంటి దారులు ఇప్పుడు మనకెక్కడివి పిల్లలూ, తలుచుకోవడమే మిగిలింది.

ఆ దేశానికి రాజు ఉన్నాడు. అయినా రాజు చెప్పిందల్లా వేదం కాదు. అక్కడ గుట్ట మీద వెలుగులమ్మ గుడి, గుడి ముంగిట తొట్టంత రాతి ప్రమిద ఉండేవి. ఏటా ఒక పున్నమి సాయంత్రం ఇంటికొకరు గరిటెడు నూనె తెచ్చి అందులో పోసేవారు. తన చేత్తో పోసినవారికి ఆ ఏడు దేశం మంచిచెడ్డల్లో మాట ఉంటుంది. పోయనివారికి ఉండదు. రాజూ కిరీటం తీసి, గరిటె పట్టుకుని వరసలో నిలబడేవాడు. ముందు కుమ్మరి, వెనక గొర్రెలకాపరి. మాట ఉన్నవారిలో ఎక్కువమంది కాదన్న పని ఏ రాజూ చేయకూడదు. అది అమ్మ మీద పెట్టుకున్న ఒట్టు. ఎంత చక్కటి కాలమో అది.

కొన్నాళ్ళకు ఉదయసేనుడు రాజయ్యాడు. అతనికి వేట పిచ్చి. అడవంతా తన వేటకే ఉండాలని, ఇంకెవరూ అందులో కాలు పెట్టకూడదని కోరిక పుట్టింది.

మొదటి ఏడు పున్నమినాడు ఆ మాట అడిగాడు. "అడవి మూస్తే మేమేం తిని బతకాలి ప్రభూ?" అన్నారు జనం. ఒప్పుకోలేదు.

రెండో ఏడు గడ్డం పెంచిన ఒక స్వామిని వెంటబెట్టుకొచ్చాడు. "అమ్మ రాజుగారి కలలో కనబడి, అడవి ఆయనకే ఇమ్మంది" అన్నాడు స్వామి. జనంలో నూకాలు అనే ముసలమ్మ ఉంది. అడవిలో ఇప్పగింజలు ఏరి, నూనె తీసి బతుకుతుంది.

"అమ్మకి అడవి సంగతి చెప్పాలనుంటే, పొద్దుగూకులూ అడవిలో ఉండే నాకు చెప్పేది గదా సామీ. పరుపుల మీద పడుకున్నోళ్ళని లేపడమెందుకు?" అంది. అందరూ పకపకా నవ్వారు. స్వామి మళ్ళీ కనబడలేదు.

మూడో ఏడు రాజు అడవి ఊసే ఎత్తలేదు. ఊరూరా దండోరా వేయించాడు. "నా ప్రజలు గరిటెలు మోసుకుంటూ గుట్ట ఎక్కడం చూడలేకపోతున్నాను. ఇకమీదట అమ్మ దీపానికి నూనెంతా నాదే."

జనం మురిసిపోయారు. మా రాజుది ఎంత భక్తి అనుకున్నారు. గరిటెలు అటకెక్కాయి.

పున్నమి వచ్చింది. బళ్ళ మీద పీపాలు గుట్ట ఎక్కాయి. ప్రమిద అంచుదాకా నిండింది. జనం కొత్తబట్టలు కట్టుకుని, చేతులూపుకుంటూ వచ్చి చూస్తున్నారు. అప్పుడు రాజు లేచాడు.

"ఈ ఏడు అమ్మ దీపంలో నూనె పోసిందెవరు?"

జవాబూ తనే చెప్పాడు.

"నేనొక్కడినే. అందుకని మాట నా ఒక్కడిదే. రేపటినుంచి అడవి నాది."

అప్పుడు తెలిసింది జనానికి, తాము పోగొట్టుకున్నదేమిటో. సన్యాసి అనే పేరున్న ఊరిపెద్ద తల వంచుకున్నాడు. కాదనడానికి నోరుంది గానీ హక్కు లేదు.

అంతలో నూకాలు ఆయాసపడుతూ గుట్ట ఎక్కి వచ్చింది. చేతిలో గరిటె, గరిటెలో ఇప్పనూనె.

"ప్రమిదలో చోటు లేదవ్వా. రాజుగారు నింపేశారు" అన్నాడు కావలి భటుడు.

"నా బదులు రాజుగారు అన్నం తింటే నా కడుపు నిండుద్దా నాయనా? నా మొక్కు నేనే తీర్చుకోవాల" అంది. గరిటెలో నూనె కొంగుచాటు ముంతలోకి వంపి, ఖాళీ గరిటెతో ప్రమిదలోంచి ఒక గరిటెడు తోడి రాజు పీపాలో పోసేసింది.

రాజు ముఖం ఎర్రబడింది. "నేనంటే నీకు భయం లేదా?"

"చిన్నప్పటినించీ అమ్మంటే భయం బాబూ. ఇంకో భయానికి నాలో చోటు లేదు." ముంతలో నూనె ప్రమిదలో పోసి, దణ్ణం పెట్టుకుని, రాజువైపు తిరిగింది. "పోశాను. ఇంక నాకూ మాటుంది. అడవి ఇవ్వం."

"ఆమెను పట్టుకోండి" అన్నాడు రాజు.

భటుడు కదిలాడు. అయితే నూకాలు వైపు కాదు. బల్లెం గోడకానించి, వాళ్ళమ్మ గరిటె కోసం గుట్ట దిగి ఇంటికి పరుగెత్తాడు. అతని వెనకే సన్యాసి, ఆ వెనక ఊరంతా. తిరిగొచ్చి ఒక్కొక్కరూ గరిటెడు రాజు నూనె తోడారు, గరిటెడు తమ నూనె పోశారు. ఒకరిది ఆముదం, ఒకరిది నువ్వులనూనె. దీపం మాత్రం ఒక్కటిగానే వెలిగింది.

"అడవి ఇవ్వం" అన్నారందరూ.

నూకాలు పీపాలోంచి ఒక గరిటెడు తీసి రాజు చేతికిచ్చింది. "బళ్ళు మోసింది నీ లెక్కలోకి రాదు నాయనా. నీ చేత్తో పొయ్యి. నీకూ ఒక మాటుంటది."

రాజు గరిటె వైపు చూశాడు. చిన్నప్పుడు తండ్రి తన చెయ్యి పట్టుకుని ఇక్కడే నూనె పోయించడం గుర్తొచ్చింది. కళ్ళు చెమ్మగిల్లాయి. కిరీటం తీసి పక్కన పెట్టి, వరస చివరకు వెళ్ళి నిలబడ్డాడు. తన వంతు వచ్చాక నూనె పోసి, "అడవి అందరిదీ" అన్నాడు.

ఆ గుడి ఇప్పుడు లేదు, ఆ రాజులూ లేరు. అయినా ఇప్పనూనె దీపం వాసన ఎక్కడైనా తగిలితే నాకు ఆ వరసే కళ్ళకు కడుతుంది.

నీతి: తన దీపాన్ని తన చేత్తో వెలిగించుకునే ప్రజలే తమ స్వేచ్ఛను కాపాడుకోగలరు, భక్తిని ఏలికకు అప్పగించినవారు దానితోపాటు మాటనూ అప్పగిస్తారు.